మాటను ఆపే పెట్టె

నోరు జారడం మనుషుల అలవాటు. మాటను పట్టి ఆపడం నా కొలువు. నేను ఒక చిన్న ఇనుప పెట్టెను. బెంగుళూరులో పుట్టి, లారీ ఎక్కి, విజయవాడలో ఒక వార్తల ఛానల్‌కు చేరాను.

కెమెరా పట్టిన బొమ్మ నాలుగు యంత్రాల్లో ముస్తాబై నింపాదిగా వస్తుంది. మైకు పట్టిన మాటకు ఆ ముస్తాబు లేదు, ముందే ఉరికొస్తుంది. దాన్ని రెప్పపాటు ఆపి, బొమ్మ రాగానే వదులుతాను. అప్పుడే ఇళ్లలో టీవీ చూసేవాళ్లకు పెదవులూ మాటా కలుస్తాయి. ఎంత ఆపాలో నా నాబ్ పక్కనున్న గీత చెబుతుంది.

ఆ ఏడు ఆయుధపూజకు సౌండు ఇంజనీరు కొండలరావు యంత్రాలన్నిటినీ తడిగుడ్డతో తుడిచి బొట్లు పెట్టాడు. తుడవడంలో నా నాబ్ సున్నాకు తిరిగిపోయింది. సరిగ్గా గీత మీదే ఇంత కుంకుమ పెట్టాడు. భక్తి ఎక్కువైతే గీతలు కనబడవు మరి.

ఆ రోజు నుంచి వార్తలు చదివే హేమనళిని మాట ముందు, పెదవులు వెనక. స్టూడియోలోని టీవీకి బొమ్మ నేరుగా కెమెరా నుంచే వస్తుంది కాబట్టి అక్కడ ఎవరికీ తేడా తెలియలేదు. చూసేవాళ్లు మాత్రం ఫోన్లు చేశారు, ఈవిడ పెదవులాడిస్తోంది, వెనకాల ఇంకెవరో చదువుతున్నారని.

"నీకు కంగారెక్కువమ్మా. కొన్నాళ్లు పక్కన కూర్చో," అన్నాడు మేనేజరు సూర్యప్రకాశం.

"నేను సరిగ్గానే చదువుతున్నానండీ," అంది. ఎవరూ వినిపించుకోలేదు.

ఆమె స్థానంలో కొత్తగా వచ్చినతన్ని, మొదటి వార్తలకు ముందు, మాటా బొమ్మా కలుస్తున్నాయో లేదో చూడ్డానికి కొండలరావు ఒకసారి చప్పట్లు కొట్టమన్నాడు. బయటికి వెళ్లే బొమ్మలో చేతులు కలవకముందే చప్పుడు వినబడింది. గబగబా వచ్చి నా మీది కుంకుమ తుడిచాడు. గీత చూశాక తన పొరపాటు తెలిసింది. చప్పుడు చేయకుండా నాబ్ సరిచేశాడు. కొత్తతని పెదవులూ మాటా చక్కగా కలిశాయి.

"చూశారా లోపం ఎక్కడుందో," అన్నాడు మేనేజరు.

కొండలరావు నిజం బయటపెట్టలేదు. ఉద్యోగం పోతుందని భయం. నాకు ఒళ్లు మండింది. నేను మాటను ఆపేది రెప్పపాటే. ఆయన వారాలు ఆపాడు.

చివరికి హేమనళిని ఉద్యోగం మానేస్తానని, తన గుర్తింపు కార్డు తిరిగిచ్చేయడానికి వచ్చింది. "ఇంట్లో అద్దం ముందు కూర్చుని చదివి చూసుకున్నానండీ కొండలరావు గారూ," అంది మెల్లగా. "నా పెదవులు ఎక్కడ తప్పుతున్నాయో ఇప్పటికీ తెలియట్లేదు."

ఆయన ఇక ఉండలేకపోయాడు. మేనేజర్ని పిలిచి, అందరి ముందూ ఆమెను చదవమన్నాడు. బయటికి వెళ్లే బొమ్మ చూపిస్తూ నన్ను సున్నాకు తిప్పాడు, పెదవులూ మాటా విడిపోయాయి. మళ్లీ గీత దగ్గరకు తెచ్చాడు, కలిశాయి.

"అమ్మాయి తప్పేం లేదండి. తుడుస్తూ నేనే తిప్పేశాను. తెలిసీ చెప్పలేదు."

"చెప్పడానికి ఇన్నాళ్లు పట్టిందా మీకు?" అంది ఆమె. మేనేజరు కార్డు తీసుకోలేదు. సాయంత్రం వార్తలు మళ్లీ ఆమే చదివింది.

ఇప్పుడు మాటను ఆపే పని కొత్త యంత్రాలు వాటంతటవే చేసుకుంటాయి. నేను పాత సామాన్ల గదిలో ఉన్నాను. తలుచుకుంటే బాధ కలిగేది ఒక్కటే. తప్పు నాబ్‌దని కళ్లారా చూశాక కూడా, హేమనళిని వార్తలకు ముందు రోజూ సంచిలోంచి చిన్న అద్దం తీసి, పెదవులు కదిపి చూసుకునేది. ఆ అనుమానాన్ని సరిచేసే నాబ్ నా దగ్గర లేదు.