ట్రాం పిడి

కార్మక్ హెనెగన్ బ్రూక్లిన్‌లోని ఫ్లాట్‌బుష్ లైనులో ముప్ఫై ఒక్క ఏళ్ళు ట్రాం నడిపాడు. 1951లో లైను ఎత్తేసి బస్సులు వేశారు. మరుసటి ఏడాది మార్చిలో ఆయన కొడుకుతో మాట్లాడటం మానేశాడు.

కొడుకు డెక్లన్ నాటకాలు రాస్తాడు. దేశమంతా తెలిసిన పేరు. మొదటి నాటకంలో చెప్పులు కుట్టే మనిషి, రెండో దానిలో గిడ్డంగి గుమాస్తా కూలిపోతారు. రెంటికీ జనం టికెట్ల కోసం వరస కట్టారు. మూడోది ట్రాం డ్రైవరు కథ. అది "ఓడిపోయిన ఒక మామూలు మనిషి విషాదం" అని డెక్లన్ ఒక పత్రికతో అన్నాడు. కార్మక్ అది చదివి, పత్రికను చెత్తబుట్టలో వేశాడు.

"ఇన్నేళ్ళలో ఒక్క మనిషికి గీత పడనివ్వలేదు. నేనెక్కడ ఓడానే?" అని భార్య మేవ్‌ని అడిగాడు.

"నీ గురించే అన్నాడని ఎవరు చెప్పారు?"

"మనింట్లో ఇంకో ట్రాం డ్రైవరు ఉన్నాడా?"

గురువారం మొదటి ప్రదర్శన. డెక్లన్ పంపిన రెండు టికెట్లు గడియారం కింద ఉన్నాయి. కార్మక్ వాటిని ముట్టుకోలేదు. నాన్న రాకపోతే ఆ ఆట ఆడినా ఒకటే, ఆడకపోయినా ఒకటే అని డెక్లన్ తల్లికి ఫోన్లో చెప్పాడు.

సోమవారం మధ్యాహ్నం మేవ్ ఒక కాగితం పొట్లం భర్త చేతిలో పెట్టింది. అందులో హామ్ సాండ్‌విచ్ ఉంది.

"రిహార్సల్ రోజుల్లో వాడు తిండి మానేస్తాడు. ఇచ్చి వచ్చెయ్."

"నేను వాడితో మాట్లాడను."

"సాండ్‌విచ్ ఇవ్వడానికి మాటలెందుకు?"

ఆయన సబ్‌వే రైల్లో నలభై ఏడో వీధి థియేటరుకి వెళ్ళాడు. లైను ఎత్తేశాక ఆయన బస్సు ఎక్కడు. థియేటర్లో చివరి వరసలో, టోపీ తీయకుండా కూర్చున్నాడు. వేదిక మీద చెక్కతో చేసిన ట్రాం ముందుభాగం ఉంది. ఆఖరి సీను నడుస్తోంది. డ్రైవరు వేషం లోవెల్ క్రేన్‌ది. అతను చివరి ట్రిప్పు ముగించి బండి ఆపాడు. బండిని నడిపే పిడి మీద చెయ్యి ఆనించాడు. పిడిని అక్కడే వదిలి దిగి చీకట్లోకి నడిచాడు.

"పిడి మర్చిపోయాడు" అని వెనక నుంచి వినిపించింది.

లోవెల్ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఎవరక్కడ?"

రెండో వరసలో డెక్లన్ తల తిప్పలేదు. "మా నాన్న" అన్నాడు.

"మర్చిపోలేదు పెద్దాయనా, వదిలేశాను. అంతా అయిపోయిందని జనానికి తెలియాలిగా."

"జనానికి తెలిసేది నువ్వు తాగి ఉన్నావని."

దీపాల దగ్గర ఎవరో నవ్వారు. కార్మక్ లేచి ముందుకొచ్చాడు.

"దిగేటప్పుడు పిడి పీకి జేబులో వేసుకోవాలి. మంచినీళ్ళకు దిగినా సరే. పిడి లేకపోతే బండి కదలదు. ఉంటే ఎవడైనా నడుపుకుపోతాడు."

డెక్లన్ ఇటు తిరిగాడు. "లైనే పోయింది నాన్నా. ఇంక వాడికి పిడి ఎందుకు?"

"లైను మమ్మల్ని వదిలిందిరా. మేం వదల్లేదు."

కార్మక్ కోటు ఎడమ జేబులోంచి ఇత్తడి పిడి తీశాడు. జానెడు పొడవుంది. అరచెయ్యి తగిలే చోట అరిగి ఉంది.

"అది డిపోలో ఇచ్చెయ్యాలి కదా?" అన్నాడు డెక్లన్.

"అడిగారు. పోయిందన్నాను."

"నువ్వా? అబద్ధమా?"

"చర్చిలో ఫాదర్ దగ్గర ఒప్పుకున్నాన్లే. ఆయన మా లైను ట్రాంలోనే తిరిగేవాడు. శిక్ష తక్కువ వేశాడు."

లోవెల్ మళ్ళీ బండెక్కి, కార్మక్ ఇచ్చిన ఇత్తడి పిడి బిగించాడు. ఈసారి పిడి పీకి జేబులో వేసుకుని దిగాడు. బరువుకు కోటు ఒక పక్కకి వంగింది. "జేబు తట్టి చూసుకో. ఉందో లేదో చూసుకోకుండా ఎవడూ కదలడు" అన్నాడు కార్మక్. లోవెల్ జేబు తట్టి చూసుకుని నడిచాడు. డెక్లన్ ఆఖరి పేజీలో ఉన్న పదకొండు వాక్యాలు కొట్టేశాడు.

"పత్రికలో ఆ మాట అన్నది నేనే" అన్నాడు తండ్రితో. "అది తప్పు."

"ముందు సాండ్‌విచ్ తిను."

లోవెల్ పిడిని కార్మక్‌కి తిరిగిచ్చాడు. వేదిక సామాను చూసుకునే ఆడెల్ దాని కోసం చెయ్యి చాపింది. "ఇది గురువారం దాకా ఇక్కడుంచండి సార్."

"ఇందాకట్నుంచి ఏం చెబుతున్నానమ్మాయ్? వదిలి పోకూడదు."

"మరి గురువారం ఎలా?"

"ఆట ఎన్నింటికి?"

"ఎనిమిదిన్నరకి."

"ఎనిమిదికి తెస్తాను. తెర పడగానే నా చేతిలో పెట్టాలి."

"శుక్రవారం కూడా ఉంది నాన్నా" అన్నాడు డెక్లన్. నోట్లో సాండ్‌విచ్ ఉంది. "శనివారం రెండాటలు."

"ఓవర్‌టైం అన్నమాట" అని కార్మక్ పిడి జేబులో వేసుకుని, తట్టి చూసుకుని, తలుపు వైపు నడిచాడు.