ఇంజన్‌లో ఇరికిన బోల్టు

లక్ష్మీరాజం ఖాకీ చొక్కాలకు పట్టిన మడ్డి ఒక్క ఉతుకుకు వదలదు. భార్య చంద్రవ్వ వాటిని ముందు కిరసనాయిల్లో నానబెట్టి, బూడిదతో రుద్ది, ఆ పైన సబ్బు పెట్టేది. ఆ వాసనకు ఆమె తల తేలికయ్యేది. మంచిర్యాల స్టేషన్ నుంచి బొగ్గు బండి కూత సాగుతూ సాగుతూ వచ్చి గోదావరి గాలిలో కలిసిపోయేది. అలాంటప్పుడు ఆమె మనసు ఇంట్లో ఉండేది కాదు, ఇంటి ముందు అతను మోటార్లు బాగుచేసే షెడ్డులో, కారు కింద ఉండేది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి అక్కడ లాంతరు పట్టడం ఆమె పని. పట్టపగలైనా కారు కింద చీకటే. నిజాం కాలంలో దొరల మోటార్లు బాగుచేసిన మామ దశరథం వెల్లకిలా పడుకొని కొడుక్కు చెప్పేవాడు: "ఇనుము ఇనుమును కర్సుకుంటది బిడ్డా. గుంజితె ఇర్గుతది. కాక వెట్టు, మైనం ముట్టియ్యి, జర ఆగు." కొడుకు వినలేదు. ఆమె విన్నది. మామ పోయాక కూడా అన్నం ఉడికే వేళ ఆ మాటలు ఆమె లోపల మెల్లగా తిరుగుతుండేవి. ఒకసారి బోల్టులు విప్పే పాన అందుకోబోతే అత్త శంకరవ్వ అన్నది: "ఆడిదాని చెయ్యి వడితె పనిముట్టుకు బర్కతుండదు పిల్లా. దీపం పట్టు, సాలు."

ఇప్పపూలు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం, డాక్టరమ్మ కారు ఆవిర్లు కక్కుతూ షెడ్డు ముందు ఆగింది. చెన్నూరు దారిలో ఒక ఊళ్లో కాన్పు కష్టమైందట. ఇంజన్‌కు నీళ్లు తిప్పే పంపు కారుతోంది. లక్ష్మీరాజం బోల్టులు విప్పాడు. చివరిది రాలేదు. పాన మీద కాలు పెట్టి తొక్కాడు. పంపు చేతికి వచ్చింది గాని, బోల్టు విరిగి దాని ముక్క ఇంజన్ లోపలే ఉండిపోయింది, పట్టుకోవడానికి గోరంత కొస కూడా లేకుండా.

"డ్రిల్లు మిషిన్ గావాలె. బెల్లంపల్లి వోయి తెస్త. పొద్దుగూకుతది" అని అతను బస్సెక్కాడు.

డ్రైవరు కారు దగ్గర ఉండిపోయాడు, డాక్టరమ్మ అరుగు మీద కూచుంది. చంద్రవ్వ ఇచ్చిన నీళ్ల చెంబు పట్టుకుందే గాని తాగలేదు. "అప్పటిదాకా ఆ పిల్ల ప్రాణం నిలవదు" అంది తనలో తానే. ఎన్నడూ చూడని ఆ పిల్ల చంద్రవ్వ కళ్లకు కట్టింది. నులక మంచం పట్టె పట్టుకొని, గుడిసె కప్పులోంచి పడే వెలుగు వైపు చూస్తోంది. అప్పుడు తన గొంతే ఆమెకు ఎక్కడో దూరం నుంచి వినిపించింది.

"నేను తీస్తనమ్మా."

"వాడొస్తె ఏమంటడు?" అన్నది శంకరవ్వ గడపలోంచి.

"అననియ్యత్తా."

షెడ్డులోని బ్లోలాంపు వెలిగించి, దాని నీలి మంటతో బోల్టు చుట్టూ ఇనుమును కాచింది. వేడి మీద మైనం ముట్టించింది. మైనం కరిగి బోల్టు మరల సందుల్లోకి ఇంకిపోయింది. సన్న ఉలిని ముక్క అంచున ఆనించి, విప్పే వైపుకు, నిద్రపోతున్న బిడ్డను జోకొట్టినట్టు సుత్తితో తట్టసాగింది. చప్పుళ్లన్నీ పలచబడ్డాయి. గోదావరిలో చెవుల దాకా మునిగి పడుకున్నట్టుంది. నీళ్ల అడుగున తన గుండె, పైన ఆకాశం, ఎక్కడినుంచో ఇప్పపూల వాసన. తన చేతులు తనవేనని ఆమెకు తెలుస్తోంది. ముక్క వెంట్రుకవాసి కదిలింది. ఇనుము కదిలిందో, తన చూపు కదిలిందో తెలియలేదు. మళ్లీ తట్టింది. ఈసారి అది తిరిగింది, తిరుగుతూ తిరుగుతూ బయటికొచ్చి అరచేతిలో వెచ్చగా పడింది.

కారుతున్న పంపుకు కొత్త వాషరు, కొత్త బోల్టు వేసి డాక్టరమ్మ డ్రైవరు బిగించాడు. కారు కదలబోతూ ఆగింది. డాక్టరమ్మ దిగి వచ్చి, ఆ మడ్డి చేతిని రెండు చేతులతో పట్టుకొని, మళ్లీ కారెక్కింది.

తల్లీబిడ్డా బతికారని తర్వాత తెలిసింది. హోటల్లో అందరూ అది అతని పనేననుకొని మెచ్చుకుంటే లక్ష్మీరాజం చాయ్ తాగుతూ కాదనలేదు. ఇంటికొచ్చి, "నువ్వు తీసినవని ఎవలకు జెప్పకు. నా ఇజ్జత్ వోతది" అన్నాడు.

ఆనాటి నుంచి బోల్టు మొండికేసిన సామాన్లు వంటింట్లోకి వచ్చేవి. "జర జూడు" అని పొయ్యి పక్కన పెట్టి పోయేవాడు. కూర తాలింపుకూ అత్త పిలుపుకూ మధ్య ఆమె వాటిని విప్పేది. మొదట్లో అదీ బాగానే ఉండేది. ఇనుము లొంగే ఆ ఒక్క క్షణం కోసం రోజంతా కలలో నడిచినట్టు పనులు చేసుకునేది. విప్పినదాన్ని అతను తీసుకెళ్లి, చేతులు తుడుచుకుంటూ బండి తెచ్చినవాడికి ఇచ్చేవాడు.

"నీ చేతిల మంత్రమున్నదే రాజం" అన్నారెవరో ఒకనాడు. అతను నవ్వాడు. నీళ్లు తోడుతున్న చంద్రవ్వకు ఆ నవ్వు గోడ అవతలి నుంచి వినిపించింది. కోపం రాలేదు. నిద్రలోంచి ఎవరో తట్టి లేపినట్టయింది.

మర్నాడు అతను లారీ పంపొకటి తెచ్చాడు. "జల్ది. డ్రైవర్ బయట కూసున్నడు."

ఆమె కుండ దించింది. "ఈడ పొగకు కనవడ్తలేదు. షెడ్డుల తీస్త."

"బయట మంది ఉన్నరే."

"ఉండనియ్యి."

పంపును కొంగుతో పట్టుకొని ఆమె వాకిలి దాటింది. ఎండ కళ్ల మీద పడింది. షెడ్డులో పనిముట్ల పెట్టె మీద కూచున్న లారీ డ్రైవరు ఆమెను చూశాడు, ఆమె వెనక నిలబడిపోయిన లక్ష్మీరాజాన్ని చూశాడు.

"జర లెవ్వు అన్నా" అంది చంద్రవ్వ. "ఉలి తీస్కోవాలె. గీ బోల్టు నేనే తీసేది."

డ్రైవరు లేచాడు. భుజం మీది తువ్వాలతో పెట్టె మీది దుమ్ము దులిపి, పక్కకు జరిగాడు.