ఎవరి ద్వారా అయింది?

డబ్లిన్‌కు దూరంగా ఉన్న ఆ ఊళ్ళో శనివారం పూట క్లినిక్‌కి వెళ్తున్నామంటే డాక్టరు దగ్గరికని ఎవరూ అనుకోరు. హెనెగన్ పబ్బు వెనకగదిలో, బీరు పీపాల పక్కన చిన్న బల్ల వేసుకుని కౌన్సిలర్ మాలకీ గిల్‌హూలీ కూర్చుంటాడు. పెన్షను ఆగినవాళ్ళు, ఇంటిముందు రోడ్డు గుంతలు పడ్డవాళ్ళు, ఆస్పత్రి నుంచి కబురు రానివాళ్ళు గోడవార బెంచీ మీద వరసగా కూర్చుంటారు. అందరి గోడూ విని మాలకీ చెప్పేది ఒకటే మాట.

"నాకొదిలెయ్యి."

ఎండాకాలం మొదట్లో రోషీన్ కూడా ఆ బెంచీ మీద కూర్చుంది, రెండున్నరేళ్ళ మేవ్‌ను ఒళ్ళో పెట్టుకుని. పిల్ల చెవుల లోపల నీరు చేరి జిగురులా చిక్కబడిందనీ, సన్నటి గొట్టాలు పెడితేగాని సరిగా వినపడదనీ ఆస్పత్రిలో చెప్పారు. ఎప్పుడు పెడతారంటే, పేరు రాసుకున్నాం, కబురు చేస్తాం అన్నారు. వెనకనుంచి పిలిస్తే మేవ్ తిరగదు. కారు హారన్ కొట్టినా తిరగదు. వీధిలోకి తీసుకెళ్ళాలంటే రోషీన్ ఆ చిన్న చేతిని ఎర్రబడేంత గట్టిగా పట్టుకునేది.

"ఏం బంగారం, నీ పేరేంటి?" అన్నాడు మాలకీ. మేవ్ అతని పెదాల వంక చూసింది.

"దానికి వినపడదండీ. అందుకే వచ్చాను."

"మీ అమ్మమ్మ అంత్యక్రియలకొచ్చాను, గుర్తుందా? కుండపోత వాన. అయినా ఆఖరిదాకా నిలబడ్డాను." మాలకీ రాకుండా ఆ చుట్టుపక్కల ఎవరూ మట్టిలో కలవలేదు. "నాకొదిలెయ్యి, రోషీన్."

ఆగస్టు ఆఖర్లో ఫోన్ వచ్చింది. "సెప్టెంబరు చివరి మంగళవారం. ఆస్పత్రివాళ్ళతో మాట్లాడాను," అన్నాడు. మర్నాడు పోస్టులో ఆస్పత్రి నుంచి అదే తేదీ వచ్చింది.

"చూశావా? పోస్టు కంటే ముందే," అంది రోషీన్ తల్లి కన్సెప్టా. ఆ సాయంత్రమే యాపిల్ ముక్కలు పెట్టి తీపి టార్ట్ కాల్చి, వేడి తగ్గకముందే గుడ్డ కప్పి మాలకీ ఇంటికి పట్టుకెళ్ళింది.

సెప్టెంబరు మూడో వారంలో మాలకీ వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు మీద మోచేతులానించి, ఇంటెదురుగా ఉన్న పచ్చటి పొలంకేసి చూస్తూ నిలబడ్డాడు. దాన్ని ఊళ్ళో హంసల పొలం అంటారు. వేసవంతా ఆవులు మేస్తాయి. శీతాకాలం వస్తే నేల కిందనుంచి నీళ్ళు ఉబికి, రాత్రికి రాత్రి చెరువైపోతుంది. ఉత్తరాన్నుంచి హంసలొచ్చి వాలతాయి. వసంతానికి నేలే ఆ నీళ్ళను మళ్ళీ మింగేస్తుంది. తాతల కాలం నుంచీ అంతే.

"ఇక్కడ ఇళ్ళు కడదామని," అన్నాడు మాలకీ. "మీలాంటి కుర్రజంటలకే. గురువారం హాల్లో మీటింగుంది. కౌంటీ ఆఫీసు నుంచి ఇంజనీరొచ్చి, నీళ్ళు నిలుస్తాయా అని అడుగుతుంది. దగ్గరున్నది మీరే కదా, నిన్నే అడగొచ్చు."

ఆ పొలం మాలకీ బావమరిదిదని ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు.

"అడిగితే?"

"ఏముంది? నువ్వు పిల్లతో సతమతమవుతుంటావు. కిటికీలోంచి చూసే తీరికెక్కడిది నీకు?" అని నవ్వాడు. "అన్నట్టు, పాప ఆపరేషన్ దగ్గరపడింది కదా. ఆ తేదీలు అప్పుడప్పుడు జారిపోతుంటాయి. నేను కనిపెట్టుకునుంటాలే."

అతను వెళ్ళాక రోషీన్ చాలాసేపు గేటు దగ్గరే ఉండిపోయింది. భయం వేసింది, నిజమే. కానీ ఆ భయం అడుగున ఇంకోటి కదిలింది, చెప్పులో చిక్కుకున్న రాయిలా. ఆస్పత్రివాళ్ళతో మాట్లాడానన్నాడు. ఎవరితో మాట్లాడాడు? ఏమని మాట్లాడాడు? ఆ ఒక్క మాటకు పిల్లల వరసలో మేవ్ ముందుకు జరిగితే, వెనక్కి పోయిన పిల్ల ఎవరి పిల్ల?

భర్త డెక్లన్ లారీ దిగి ఇంటికి రాగానే అదే అడిగింది.

"అలాంటివి అడక్కూడదే," అన్నాడతను బూట్లు విప్పుతూ. "ఫాదర్ ప్రార్థన చేస్తే, దేవుడితో ఏం మాట్లాడారని అడుగుతామా?"

"దేవుడు గేటు దగ్గరికొచ్చి బెదిరించడుగా."

"బెదిరించాడా?"

"ఏమో. నవ్వుతూనే అన్నాడు."

మర్నాడు పిల్లల పార్కులో జూసిలేన్ కనిపించింది. బ్రెజిల్ నుంచి వచ్చి మాంసం ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. ఆమె కొడుకు దావీకి కూడా చెవుల జబ్బే. ఊయల మీదనుంచి వాడు తల్లిని కేకేస్తున్నాడు, ఆమె జవాబిస్తోంది, వాడు మళ్ళీ కేకేస్తున్నాడు.

"గొట్టాలు పెట్టేశారా?" రోషీన్ నోరు తెరిచింది.

"పోయిన నెలలోనే. ఇప్పుడు వాడి నోరు ముయ్యించే గొట్టాలుంటే బావుణ్ణు."

"ఎవరి ద్వారా అయింది?"

"ఎవరంటే?"

"అదే, ఎవర్ని పట్టుకున్నారు?"

"కౌంటర్ దగ్గరామెని అడిగాను. పేరు రాసుకుంది. మా వంతొచ్చింది, పిలిచారు."

"అంతేనా?"

"ఇంకేం చెయ్యాలి?" జూసిలేన్ ఆమెను వింతగా చూసింది. "మా ఊళ్ళో అయితే ఎవర్నో పట్టుకోవాల్సిందే. ఇక్కడ అక్కర్లేదన్నారు. అందుకేగా మేం ఈ చలిలోకొచ్చి పడింది."

బుధవారం ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్ష ఉంది. అది అయ్యాక రోషీన్ కౌంటర్ దగ్గరే తచ్చాడింది. చదువు మధ్యలో ఆపేసిన మనిషి. అద్దం వెనక కూర్చున్నవాళ్ళను ప్రశ్న అడగాలంటే స్కూల్లో నిలబెట్టినట్టే ఉంటుంది ఆమెకు. అయినా ఆ రాయి నొక్కుతూనే ఉంది.

"ఒక మాటండీ. మా పాప గురించి కౌన్సిలర్ గారెవరైనా ఫోన్ చేశారా?"

నెరిసిన జుట్టావిడ కళ్ళజోడు తీసింది. "ఏ కౌన్సిలరమ్మా? రోజూ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. పార్లమెంటు మెంబరు కూడా చేస్తాడు."

"చేసి ఏమంటారు?"

"తేదీ ఎప్పుడని అడుగుతారు. మేం చెప్తాం. వాళ్ళు మీకు చెప్తారు. ముందు మీకు చెప్పాల్సింది వాళ్ళకి చెప్తున్నాం, అదీ మా బుద్ధితక్కువే."

"ముందుకి జరపరా?"

"చెవి చూసి డాక్టరుగారు వరస వేస్తారు. చెవికి పార్టీ ఉండదు కదా."

రోషీన్ అసలు ప్రశ్న అప్పుడడిగింది. "వెనక్కి జరపగలరా?"

"ఎవరు, మాలకీనా?" ఆవిడ నవ్వింది. పేరు రోషీన్ చెప్పనేలేదు. "ఇక్కడికొస్తే ఆయన కారు పెట్టుకునే చోటే జరుపుకోలేడు తల్లీ."

ఇంటికి తిరిగొస్తుంటే దారి పొడుగునా తల్లి టార్టే గుర్తొచ్చింది. పోస్టుమాన్ కంటే ఒకరోజు ముందు కూత కూసినందుకా అంత వెన్న, అన్ని యాపిళ్ళు? పోనీ, ఆ ఆస్పత్రావిడకు మాత్రం అన్నీ తెలుసా? కింద కౌంటర్లో కూర్చునే మనిషికి పైన జరిగేవన్నీ ఎలా తెలుస్తాయి? రోషీన్ మనసు అటూ ఇటూ ఊగుతూనే ఉంది.

గురువారం హాలు నిండిపోయింది. వెనక పెద్ద కెటిల్‌లో టీ కాగుతోంది. ఈ ఊరికి కొత్తయిన కౌంటీ ఇంజనీరు, పొట్టి జుట్టు కుర్రమ్మాయి, గోడమీద పొలం పటం తగిలించి అందర్నీ చూసింది.

"శీతాకాలంలో ఇక్కడ నీళ్ళు నిలవడం ఎవరైనా చూశారా?"

ఒక్కరూ పలకలేదు. ఏటా ఆ గట్టు మీద నిలబడి హంసల్ని చూసేవాళ్ళే అందరూ. రోషీన్ వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసింది. ముందు వరసలో పాడీ కాఫ్రీ, అతని పెన్షను మాలకీ ఇప్పించాడంటారు. పక్కన డోలన్ దంపతులు, వాళ్ళ వీధి దీపం మాలకీ వేయించాడంటారు. అందరూ బూట్లకేసి చూసుకుంటున్నారు. వీళ్ళందరికీ కూడా ఎలాగూ రావాల్సినదాన్నే తానిప్పించినట్టు చెప్పి పంపించాడేమో అనిపించింది ఆమెకు. అలా అనిపించగానే భయం పోలేదుగాని, నవ్వొచ్చినంత పనైంది. చెయ్యెత్తింది.

"ఒక సందేహమండీ. మరి హంసలు ఎందులో ఈదుతున్నట్టు?"

"ఏ హంసలు?"

"ఏటా నవంబరులో వస్తాయి. మా వంటగది కిటికీలోంచి కనపడతాయి. పొలం పొడిగానే ఉంటే, అవి గడ్డి మీద ఈదుతున్నాయా అని."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరస వరసా పాకి ముందుకొచ్చింది. పాడీ కాఫ్రీ బూట్లకే చెప్పుకున్నట్టు గొణిగాడు. "పోయినేడు కంచె గుంజలు కూడా మునిగాయి."

ఇంజనీరు పెన్ను తీసింది. "అయితే నవంబరులో నేనే వచ్చి చూస్తాను. అప్పటిదాకా ఏ నిర్ణయం ఉండదు."

టీ దగ్గర మాలకీ ఆమె పక్కకొచ్చాడు. ముఖంలో నవ్వు చెదరలేదు. "ఆపరేషన్ మంగళవారమే కదా?" అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

మంగళవారం దాకా రోషీన్ ఫోన్ దగ్గరనుంచి కదల్లేదు. ఫోన్ మోగితే చాలు, జారిపోయిందనే అనుకునేది. ఆస్పత్రి బల్ల మీద పిల్లను పట్టుకుని కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడింది. చివరికి నర్సు వచ్చి పిలిచింది, "మేవ్ ఎవరమ్మా?"

తిరిగొచ్చేటప్పుడు డెక్లన్ కారు మలుపు తిప్పాడు. వెనక సీట్లో మేవ్ ఉలిక్కిపడి అటూ ఇటూ వెతకసాగింది. దేనికోసమో ముందు తెలియలేదు. తర్వాత గ్రహించారు, మలుపు లైటు టిక్కుటిక్కుమంటోంది. డెక్లన్ ఇల్లు వచ్చేదాకా ఆ లైటు ఆపలేదు. వెనక కార్లవాళ్ళు తిట్టుకున్నా ఆపలేదు.

కొట్లో, చర్చి మెట్ల మీద, అందరూ ఒకటే ప్రశ్న. "ఎవరి ద్వారా అయింది, రోషీన్?"

"ఎవరి ద్వారానూ కాదు. మా వంతొచ్చింది."

"చెప్పకపోతే మానెయ్యి," అని కన్ను గీటేవారు.

మాలకీకి ఎదురుతిరిగింది, అయినా పిల్లకు ఆపరేషన్ జరిగింది. అంటే మాలకీని మించిన చెయ్యేదో ఆమె వెనక ఉండి తీరాలి. డబ్లిన్‌లో మంత్రి ఎవరో డెక్లన్‌కు దూరపు చుట్టమట అని ఊరు తేల్చేసింది. కన్సెప్టా కూడా ఒకరోజు గొంతు తగ్గించి, "కన్నతల్లిని, నాక్కూడా చెప్పవా?" అంది.

నవంబరులో పొలం చెరువైంది. బావమరిది ముందే ఆశపడి పాతించిన "ఇళ్ళ స్థలాలు" బోర్డు మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది. ఇంజనీరు రబ్బరు బూట్లు వేసుకొచ్చి, కొలకర్ర పట్టుకుని గట్టు మీద తిరుగుతున్న పూటే రోషీన్ తలుపు చప్పుడైంది. పక్క సందులో ఉండే ముసలామె ఆట్రాక్టా. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో గుడ్డ కప్పిన పళ్ళెం. వెన్న వాసన గుప్పుమంది.

"నా తుంటి ఎముక సంగతమ్మా," అంది, లోపలికొచ్చి కూర్చుంటూ. "మాలకీ చూస్తానని రెండేళ్ళు నాన్చాడు. డబ్లిన్‌లో మీవాళ్ళకి ఒక్క మాట చెప్పి పెట్టవూ?"

"మావాళ్ళెవరూ లేరు, ఆంటీ."

"సరే, లేరులే." ఆమె తెలుసన్నట్టు తలూపింది. "పేర్లు నాకెందుకు. నువ్వు చూస్తానంటే చాలు."

టార్ట్ రోషీన్ చేతుల్లో వెచ్చగా ఉంది. ఆ కళ్ళలోని నమ్మకం అంతకంటే వెచ్చగా ఉంది. మాలకీకి శనివారం పొద్దున ఇలాగే ఉంటుందా అనుకుంది. ఎంత తేలిక. "నాకొదిలెయ్యి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది.

కిటికీ అవతల హంస ఒకటి గట్టిగా కూసింది. మేవ్ ఆడుకుంటున్నదల్లా గబుక్కున తలతిప్పి, వేలు చూపించింది. "అదేంతీ?"

రోషీన్ పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"కోటేసుకోండి ఆంటీ. ఆస్పత్రి కౌంటర్ నాలుగింటిదాకా తెరిచుంటుంది. నేనూ వస్తాను, అడిగేది మాత్రం మీరే."

"నేనా?" ఆట్రాక్టా బిత్తరపోయింది. "ఊరికే వెళ్ళి అడిగేస్తే... వాళ్ళేమనుకుంటారే?"

"నాకూ తెలీదు. చూద్దాం పదండి."

ఆట్రాక్టా కర్ర పుచ్చుకుని లేచింది, టార్ట్ పళ్ళెం కూడా మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఇదెందుకైనా ఉండనీ," అంది.