కళ్ల కూలి

కృష్ణప్రసాద్ గారికి వినాయకుడి మీదకంటే ధర మీదే గురి ఎక్కువ. అపార్ట్‌మెంట్ కమిటీ తరఫున ధూల్‌పేటకు వచ్చి, పక్కపక్క షెడ్లలోని రెండు మట్టి విగ్రహాల మధ్య అరగంటగా చక్కర్లు కొడుతున్నాడు. సీతారాం సేటు విగ్రహం ఇరవై ఎనిమిది వేలు, బాలమ్మది ఇరవై ఐదు.

“ఎత్తు ఒకటే, మట్టి ఒకటే. మూడు వేలు తక్కువంటే ఎక్కడో కక్కుర్తి పడ్డట్టే కదండీ?” అన్నాడు.

“ధర పక్కన పెట్టి పని చూడుండ్రి సారూ,” అంది బాలమ్మ. మొగుడు పోయాక ఆమె సొంతంగా చేసిన మొదటి విగ్రహం అది. అమ్ముడుపోతేనే షెడ్డు నిలుస్తుంది.

సీతారాం నవ్వాడు. “ధర చూడకుంటె ఎట్ల? అగ్గువదాంట్ల ఏముంటది? మా ఆండాలక్కను అడుగుండ్రి సార్. ఇరవై ఏండ్ల సంది నా దగ్గర కండ్లు దిద్దుతున్నది. అబద్ధమాడదు.”

షెడ్డులో కళ్లు దిద్దుతున్న ఆండాలు కుంచె పక్కన పెట్టి లేచింది. ముందు సేటు, పక్కన బాలమ్మ, వెనక ఆరబెట్టిన విగ్రహాల వరస. కదలడానికి సందు లేదు. అసలు సంగతేమిటంటే, రెండింటికీ కళ్లు దిద్దింది ఆమె చెయ్యే! సీజన్‌లో ఒక షెడ్డు మనిషి ఇంకో షెడ్డులో కుంచె పట్టకూడదని ఆ గల్లీ కట్టు. బాలమ్మ కోసం ఆ కట్టు తప్పింది పిచ్చిది, పైసా కూడా తీసుకోలేదు.

చెబితే తన కూడు పోతుంది. చెప్పకపోతే బాలమ్మ సరుకు నాసిదని పేరు పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“చెప్పండమ్మా, ఆవిడ దాంట్లో ఏం తగ్గింది?” కృష్ణప్రసాద్ గారు వదలడే!

చెప్పొద్దని బాలమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ ఊపడం చూశాక ఆండాలు నోరు ఆగలేదు.

“ఏం తగ్గలే సార్! దానికి గూడ కండ్లు నేనే పెట్టిన. కూలి తీసుకోలే. గా మూడు వేలు నా కూలే. రెండిట్ల ఏం ఫరక్ లేదు.”

సీతారాం కోప్పడలేదు. కోప్పడి నాలుగు తిట్టినా బాగుండేది. తువ్వాలుతో మెల్లగా ముఖం తుడుచుకున్నాడు.

“గట్లనా అక్కా? ఫరక్ కూలిదేనా? అయితే నాది గూడ ఇరవై ఐదే సార్. కండ్ల కూలి అక్క మాఫ్ చేస్తది. ఏమక్కా, ఆమెకు చేసినవు, నాకు చెయ్యవా?”

కృష్ణప్రసాద్ ముఖం వెలిగిపోయింది. ఇరవై ఎనిమిది వేల సరుకు ఇరవై ఐదుకే! బాలమ్మ వైపు మళ్లీ చూడనైనా చూడకుండా అడ్వాన్సు సీతారాం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

బాలమ్మ తన వినాయకుడి మీద పాత చీర కప్పింది.

“కూసో అక్కా, ఇంకా పదకొండు విగ్రహాలకు కండ్లు పెట్టేదున్నది,” అన్నాడు సీతారాం.

ఎక్కడికి పోతుంది? ఆండాలు కూర్చుని కుంచె అందుకుంది. చెయ్యి వణికితే దేవుడి కన్ను చెడిపోతుందని, ఏడుపును సాయంత్రానికి దాచుకుంది.