మూడో ఫోను

డెనీషా ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. విరిగిన దవడని తీగలతో బిగించారు. ఇక్కడేమో వీధిలోని ఇళ్లన్నిటి యజమాని స్టాడ్లర్ పంపిన మనిషి ఆమె తలుపుకి ఖాళీ చెయ్యమన్న కాగితం అంటిస్తున్నాడు. పక్క వాటాలో ఉండే ఆర్డెల్ తన మెట్ల మీద నిలబడి చూసింది.

"దెబ్బలు తిన్నదాన్ని పొమ్మంటావేమయ్యా?"

"ఏడాదిలో మూడుసార్లు పోలీసులొచ్చారు. ఊరి చట్టం. నన్నేం చెయ్యమంటావ్?"

నేరాలు తగ్గించడానికని తెచ్చిన చట్టం. ఏడాదిలో ఒక ఇంటికి మూడుసార్లు పోలీసుల్ని పిలిస్తే యజమానికి జరిమానా. అది తప్పాలంటే అద్దెకున్నవాళ్లని వెళ్లగొట్టాలి. మొగుడు కొడుతున్నాడని డెనీషా రెండుసార్లు పిలిచింది. తర్వాత, "పెద్దమ్మా, ఏం వినపడ్డా ఫోను మాత్రం చెయ్యకు. ఇల్లు పోతుంది" అంది. మంగళవారం మధ్యాహ్నం నడిమి గోడ అదిరింది. ఆర్డెల్ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెయ్యలేదు. వీధిలో పడి ఉన్న డెనీషాని చూసి పోస్టుమాన్ చేశాడు. అది మూడోది.

ఆదివారం డెనీషా ఆసుపత్రి నుంచి వచ్చి, తన అక్క ఉండే ఊరికి వెళ్లిపోయింది. నోరు తెరవడానికి లేదు కదా, ఆర్డెల్ మణికట్టు కాసేపు పట్టుకుని వదిలింది. ఆ మెట్ల మీంచే ఆర్డెల్ ఒకప్పుడు తన భర్తనీ, ఇద్దరు కొడుకుల్నీ సాగనంపింది. తన మౌనంతో ఒకర్ని పంపడం మాత్రం ఇదే మొదటిసారి.

ఆ వారం పేపర్లో పడింది, బార్లో అనే తమ వీధిలో నేరాలు సగానికి తగ్గాయని. ఆర్డెల్ పేపరు పట్టుకుని, వీధివాళ్లు మెషీన్లలో బట్టలుతుక్కునే వీధి చివరి లాండ్రీకి వెళ్లి పైకి చదివింది.

"తగ్గాయా!" తడి దుప్పటి పిండుతూ రోవీనా నవ్వింది. "నా కారు అద్దం పగలగొడితే గాజుపెంకులు నేనే ఊడ్చుకున్నా."

"మా తమ్ముణ్ని పొడిస్తే మెట్ల మీంచి పడ్డాడని చెప్పాం," అన్నాడు ముసలి లూషియస్. "పాపం, ఆ మెట్లకే చెడ్డపేరు."

అందరూ నవ్వారు.

"నేను గోడ పక్కనే ఉండి విన్నాను. ఫోను చెయ్యలేదు," అంది ఆర్డెల్.

నవ్వు ఆగింది. ఆర్డెల్ పేపరు మడిచింది.

"ఊడ్చి దాచిందంతా పైకి తీద్దాం. పోలీసులకి ఇంటికి మూడేసి ఫోన్లు. ఒక్క అబద్ధమూ వద్దు."

"స్టాడ్లర్ నలభై ఇళ్లూ ఖాళీ చేయిస్తాడు!" అన్నాడు లూషియస్.

"చేయించి, ఎవరికిచ్చుకుంటాడట?"

"ముందెవరు?" అంది రోవీనా.

"నేను," అంది ఆర్డెల్. "ముప్పై ఒక్క ఏళ్లుగా అద్దెకున్న ఇల్లు నాది. పోతే ముందు అదే పోనీ."

సోమవారం తొమ్మిదింటికి పోలీసులకి ఫోను చేసింది. మొదటిసారి, అప్పట్లో తన వెనక తలుపు విరగ్గొట్టారని. రెండోసారి, రాగి గొట్టాలు కోసుకుపోయారని. మూడోసారి అవతలి అమ్మాయే గొంతు తగ్గించింది. "అమ్మా, ఇది మీ ఇంటికి మూడోది. తెలుసుగా?"

"తెలుసు తల్లీ. రాసుకో. గోడకవతల ఒక ఆడదాన్ని చావబాదుతుంటే విన్నాను."

మధ్యాహ్నానికి ఆ అమ్మాయికి తీరిక లేకుండా పోయింది. వీధి వీధంతా మాట్లాడింది.

గురువారం స్టాడ్లర్ మనిషి కాగితం తెచ్చాడు. ఆర్డెల్ మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు. వీధి మొత్తం అక్కడే కూర్చుంది.

"జరగండి."

"మా అందరికీ మూడయ్యాయి," అంది రోవీనా. "సరిపడా కాగితాలు తెచ్చావా, నాయనా?"

ఆర్డెల్ వాళ్ల నడుమ కూర్చుంది. పక్కన డెనీషా వాటా మెట్టొక్కటే ఖాళీ. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు.