గుల్లబారిన ఎముక

వెన్నుపూసకు అంటుకున్న కొవ్వు ఎంత గీకినా వదలడం లేదు. కత్తికి చుట్టుకుంటుంది, గ్లవుజుల మీద జారుతుంది, ఆ పైన ముక్కులో తిష్ఠ వేస్తుంది. ఇన్నేళ్లయినా ఎముకలమ్మకు దాని మీద అసహ్యం పోలేదు. ప్రయోగశాలలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. దేహదానం చేసినవాళ్ల వెన్నెముకలను శుభ్రం చేసి, పూసకు పూస విడదీసి, స్క్రూల పట్టు పరీక్షించే యంత్రానికి అందించడం ఆమె పని.

ఇవాళ్టిది ఎవరో ముసలావిడది. వేలితో నొక్కితే నానిన రస్కులా దిగిపోతోంది. "ఛీ, ఇదీ ఒక ఎముకేనా?" అని మొహం తిప్పుకుంది. ఇంట్లో అక్క వెన్ను కూడా ఇంతేనని గుర్తొచ్చి, తిప్పుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

అక్క నడుములో బిగించిన స్క్రూలు ఏడాది తిరక్కుండానే వదులైపోయాయి. ఎముక గుల్లబారితే స్క్రూకు పట్టు ఎక్కడిది? అప్పటినుంచీ అక్క మంచానికే అంకితం. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. "ఆ చేతుల్తో నన్ను ముట్టుకోకు. శవాల కంపు" అంటుంది. చెల్లెలు నీళ్లిస్తే గ్లాసు అంచు తుడుచుకుని తాగుతుంది. వీపు తుడవాలంటే పక్కింటామె రావలసిందే. ఎముకలమ్మకు ఒళ్లు మండిపోయేది. అక్క తినే తిండి ఈ కంపు పెట్టిందే కదా!

"అయిందా పెద్దమ్మా?" అంటూ డాక్టరమ్మ వచ్చింది. పూసకు ఎడమవైపు మామూలు స్క్రూ ఎక్కించింది. కుడివైపు, ఒంటినిండా చిల్లులున్న బోలు స్క్రూ. దాని గుండా ఎముక సిమెంటు పంపితే, అది చిల్లుల్లోంచి చుట్టూ పాకి గడ్డకడుతుంది. ఇదివరకు పెట్టినవన్నీ బాగానే నిలిచాయి గానీ, ఇంత మెత్తటి ఎముక ఇప్పటిదాకా దొరకలేదు. ఇందులోనూ నిలిస్తే అక్కకు మళ్లీ ఆపరేషన్ చేస్తానని డాక్టరమ్మ మాటిచ్చింది. సిమెంటు ఘాటు గదంతా కమ్మింది. ఎముకలమ్మ పళ్ల బిగువున ఓర్చుకుంది.

సిమెంటు గట్టిపడ్డాక యంత్రం ఎడమ స్క్రూను పట్టి లాగింది. బురదలోంచి కాలు తీసినట్టు మెత్తగా ఊడొచ్చింది. తర్వాత కుడిది. అంతకు రెట్టింపు లాగినా కదలలేదు.

"చూశావా, ఎలా పట్టేసిందో!"

"అయితే మా అక్కకి చేస్తారుగా?"

"వచ్చే వారమే తీసుకురా."

ఎముకలమ్మ చేతులు మోచేతుల దాకా తోముకుంది. వాసన చూసుకుంది. పోలేదు. పోకపోతే పోయింది, అక్క ఎన్ని మాటలన్నా సరే, ఇవాళ మంచం మీద కూర్చునే చెప్పాలనుకుంటూ ఇంటికి నడిచింది.

గుమ్మంలో పక్కింటామె నిలబడి ఉంది. "మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. నీకెన్నిసార్లు చేశానో, ఫోనెత్తలేదు. లోపలికి రా. ఒళ్లు నేను తుడుస్తాలే."

"వద్దొదినా. ఇంక వద్దనేదెవరు? నేనే తుడుస్తా."

అక్కను పక్కకు ఒత్తిగిలించి, తడిగుడ్డతో వీపు తుడవసాగింది. వేళ్లు అలవాటుకొద్దీ పూస తర్వాత పూసను తడుముతూ దిగి, పలచటి చర్మం కింద స్క్రూ తలల దగ్గర ఆగాయి. బొటనవేలు దానంతటదే పక్కన నొక్కి చూసింది. ఇక్కడ సిమెంటు పడితే నిలిచేదే అనుకుంది. ఆ వెంటనే నిప్పు తగిలినట్టు చేయి లాగేసుకుంది. అక్కను కూడా బల్ల మీది ఎముకలా చూసిన ఆ చేతుల మీద పుట్టినంత అసహ్యం, ఏ కొవ్వు మీదా ఏనాడూ పుట్టలేదు.

"నువ్వన్నది నిజమే అక్కా" అంది. కానీ ఆమెకు వేరే చేతులు లేవు. ఆ చేతులతోనే మెడ దాకా తుడిచి, చీర సర్దింది.

అక్కను తీసుకుపోయాక, మంచం కోడుకు ఆమె నడుం బెల్టు వేలాడుతూ ఉండిపోయింది. దాని గరుకు పట్టీలో ఒక పొడవాటి తెల్ల వెంట్రుక చిక్కుకుని ఉంది.