చిక్కగానా, పల్చగానా

తెలుపు.

తెర నడుమ బియ్యపు గింజంత తెలుపు.

పావుగంటకు బొటనవేలంత... మరో పావుగంటకు అరచెయ్యంత.

భోజనాల బల్ల మీద, ల్యాప్‌టాప్‌లో ఆకాశం పరుచుకుని కూర్చున్నారు మా ఆయన. ఆదివారం మధ్యాహ్నాలు వాతావరణ కార్యాలయం మా ఇంటికే వస్తుంది — చెప్పుల్లేకుండా, చిరుగు బనీనులో.

ఉపగ్రహానికి వాన కనపడదట. వేడి కనపడుతుందట. కాగిన నేల నలుపు. మబ్బు ఎంత ఎత్తుకెళ్తే అంత చలి. ఎంత చలో అంత తెలుపు. పెళ్లైన కొత్తలో ఇదంతా చాలా ప్రేమగా చెప్పారు. ఇంకేమైనా చెప్తారేమోనని కాసేపు చూశాను.

కానీ తెలుపులో రెండు రకాలు.

కొండంత లోతున్న తెలుపు — అది కురుస్తుంది.

ఎత్తున ఊరికే పరుచుకున్న తెలుపు — అది మురిపిస్తుంది.

పైనుంచి చూస్తే రెండిటిదీ ఒకటే చలి.

మొన్న మంగళవారం మురిపించింది.

కొండకివతల, ఎండిన వాగు మధ్య, వంతెన స్తంభానికి తవ్విన గోతిలో పని చేయిస్తున్నాడు మా తమ్ముడు. కొండవతల కురిస్తే ముప్పావుగంటలో ఆ నీళ్లన్నీ గోతిలోకే. మంగళవారం ఈయన ఒక్క మాట మీద నలభై ఒక్కమందినీ పైకెక్కించాడు. పొద్దుగూకేదాకా గట్టు మీద కూర్చున్నారు.

చినుకు లేదు.

"బావా, మీ మబ్బుకి దారి చెప్పలేదా?" అన్నాడు తమ్ముడు ఫోన్లో. ఈయన నవ్వారు. నవ్వి, మూడు రోజులు కంచంలో గీతలు గీశారు.

ఇవాళ మళ్లీ తెలుపు.

వేడిని చూసే కళ్లు ఉపగ్రహానికి రెండున్నాయట. మబ్బు పల్చనైతే కింది వేడి కాస్త తోసుకొస్తుంది. రెండు కళ్లూ రెండు మాటలు చెప్తాయి. చిక్కనైతే రెండిటిదీ ఒకటే మాట. మంగళవారం ఒక కన్ను మాట విని తొందరపడ్డారు. ఇవాళ రెండూ చూస్తున్నారు. అంచుల్లో తేడా ఉంది. మధ్యలో...

మళ్లీ చూస్తున్నారు.

మళ్లీ.

ఫోన్ పక్కనే ఉంది. బోర్లించి ఉంది.

నాకేమీ తోచలేదు. తోచనప్పుడు నేను కాఫీ పెడతాను. వంటింటి గుమ్మంలోంచి అడిగాను — "చిక్కగానా, పల్చగానా?"

ఆయన తల తిప్పలేదు.

"చిక్కగానే," అన్నారు. "నడుమంతా చిక్కగానే ఉంది."

పదేళ్లుగా ఆయన కాఫీ పల్చగానే తాగుతున్నారు.

పొయ్యి ఆర్పేశాను. ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఇప్పుడు నాకు చెప్పిందే వాడికీ చెప్పండి."

"తప్పైతే?"

"వాడు నవ్వుతాడు. నవ్వనివ్వండి."

అక్కడ ఎండ మాడ్చేస్తోందన్నాడు తమ్ముడు స్పీకర్లో. ఆకాశంలో మచ్చ కూడా లేదన్నాడు. మళ్లీ ఎక్కిస్తే మనుషులు తన మాట వినరన్నాడు. ఈయన నా వైపు చూశారు.

"ఎక్కించెయ్యరా," అన్నారు. అంతే.

ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.

గోతికి నిచ్చెన ఒక్కటే, మనుషులు నలభై ఒక్కమంది. తమ్ముడు తలలు లెక్కపెడుతున్నాడు. పదకొండు... పన్నెండు... ఎవరో కాలు జారి నిచ్చెనను తిట్టారు. బావగారి మబ్బు ఇవాళైనా వస్తుందా అని ఇంకెవరో అన్నారు. అందరూ నవ్వారు.

తెర మారింది. తెలుపు కొండను మింగింది.

ఈ బొమ్మ పావుగంట పాతదని ఆయన మెల్లగా అన్నారు. ముప్పావుగంటలోంచి ఆ పావుగంట తీసెయ్యాలి. ఫోన్ బోర్లించి కూర్చున్న కాసేపు కూడా తీసెయ్యాలి. ఇంకెంత మిగిలిందో నేను అడగలేదు.

ఇరవై ఆరు... ఇరవై ఏడు...

ఫోన్లో నవ్వులు ఆగాయి. లెక్క కూడా ఆగింది. తమ్ముడు దేన్నో వింటున్నాడు.

తర్వాత — గబగబా — ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది —

తెర నిండా తెలుపు.